పసిపిల్లల భాషార్జన

పుట్టిన నాటి నుంచి సుమారు మూడేళ్లు నిండేవరకు పిల్లలకు ఎవరూ భాషను పాఠంగా చెప్పరు. అయినా చుట్టూ వినిపించే భాషను వాళ్లు తమదిగా చేసుకుంటారు. ఈ క్రమాన్ని పసిపిల్లల భాషార్జన అంటారు. భాషాశాస్త్రం, మనోవిజ్ఞానం, నాడీశాస్త్రం, శిశువైద్యం దీన్ని తమ తమ కోణాల్లో అధ్యయనం చేస్తాయి. పలకాబలపంతో మొదలయ్యే చదువు, పెద్దయ్యాక పూనికతో నేర్చుకునే పరభాష దీని పరిధిలోకి రావు.

ఏడాది నిండేసరికి ఒకటి రెండు మాటలు పలికే బిడ్డ మూడో పుట్టినరోజుకల్లా "నువ్వొస్తే నేనూ వస్తా" అని షరతు పెట్టగలుగుతుంది. కన్నవాళ్లను విస్మయపరిచేది ఈ వేగమే. ఈ శాస్త్రం పుట్టిందీ ఆ విస్మయం నుంచే: తొలి పరిశోధకుల్లో చాలామంది తమ సొంత బిడ్డలను చూస్తూ రాసుకున్న తల్లులు, తండ్రులు. అయితే ఇంట్లోవాళ్లకు కనిపించేది నేర్చుకోవడంలో చివరి అంచె మాత్రమే. నోట మాట రాకముందే నెలల తరబడి చెవి పని చేస్తుందని గత 50 ఏళ్ల పరిశోధన చూపింది. పిల్లలు ఒక్కసారిగా నేర్చేసినట్టు అనిపించడానికి కారణం అదే.

పూర్వపు ఆలోచనలు

పిల్లలకు మాటల అర్థం ఎలా తెలుస్తుందన్న ప్రశ్నను భారతీయ శాస్త్రకారులు లోతుగా చర్చించారు. మీమాంసకులు, నైయాయికులు చెప్పిన మార్గాల్లో ముఖ్యమైనది వృద్ధవ్యవహారం, అంటే పెద్దల మధ్య జరిగే మాటను, చేతను చూసి గ్రహించడం. దీనికి వారిచ్చే ఉదాహరణ ప్రసిద్ధం. ఒక పెద్దాయన మరొకరిని ఆవును తెమ్మంటాడు, అతను తెస్తాడు. ఆ తర్వాత ఆవును కట్టెయ్యమంటాడు, గుర్రాన్ని తెమ్మంటాడు. పక్కనున్న పసివాడు ఏ మాట మారితే ఏ పని మారింది, ఏ మాట నిలిస్తే ఏ వస్తువు నిలిచింది అన్నది గమనించి ఒక్కో మాటకూ అర్థం విడదీసుకుంటాడు. మాటలు చేరడం, తొలగడం మీద ఆధారపడిన ఈ పద్ధతికి ఆవాపోద్వాపాలని పేరు. ప్రాభాకర మీమాంసకులు దీన్ని ఆధారం చేసుకుని, వాక్యంలో ఇతర పదాలతో అన్వయం పొందినప్పుడే పదానికి అర్థం తెలుస్తుందన్నారు. విడి పదాల అర్థాలు ముందు తెలిసి, వాటి కలయికతో వాక్యార్థం ఏర్పడుతుందన్నది కుమారిల భట్టు సంప్రదాయం. పిల్లల మెదడు భాషను ఎలా విడగొడుతుందన్న విషయంలో 20వ శతాబ్దం చివర ప్రయోగశాలల్లో తేలిన విషయాలకు ఆవాపోద్వాపాల వర్ణన ఎంతో దగ్గరగా ఉంటుంది (చూ. మాటలను విడదీయడం).

మరో ధోరణి క్రూరమైనది. పిల్లలను మాటలకు దూరంగా పెంచితే వారంతట వారు ఏ భాష మాట్లాడతారో చూడాలని పాలకులు చేసిన ప్రయత్నాల ప్రస్తావనలు చరిత్రలో ఉన్నాయి. ఈజిప్టు రాజు సామెటికస్ ఇద్దరు పిల్లలను ఇలా పెంచాడని హెరొడోటస్ రాశాడు. 16వ శతాబ్దంలో అక్బరు మాటలు వినిపించని ఇంట్లో శిశువులను పెంచే ఏర్పాటు చేశాడని, వారికి మాట రాలేదని మొగలు చరిత్రల్లో ఉంది. ఆ ఇంటికి గుంగ్ మహల్, అంటే మూగవారి ఇల్లు అన్న పేరు నిలిచింది.

డైరీల కాలం

ఆధునిక అధ్యయనం ఇళ్లలో మొదలైంది. ఫ్రెంచి రచయిత ఇప్పొలిత్ తేన్ తన కూతురి తొలి మాటల గురించి 1876లో ఒక వ్యాసం ప్రచురించాడు. దాని ఇంగ్లీషు అనువాదం చదివిన చార్లెస్ డార్విన్, 37 ఏళ్ల కిందట తన పెద్దకొడుకు విలియం గురించి రాసుకున్న నోట్సును బయటికి తీసి 1877లో 'మైండ్' పత్రికలో అచ్చువేయించాడు. అందులో ఒక సంగతి ఈనాటికీ పాఠ్యగ్రంథాల్లో కనిపిస్తుంది. సరిగ్గా ఏడాది వయసులో ఆ పిల్లవాడు తిండికి 'మమ్' అని సొంతంగా ఒక మాట కల్పించుకున్నాడు. పంచదారను 'షు-మమ్' అన్నాడు. 'నలుపు' అనే మాట వచ్చాక నల్లటి అతిమధురం మిఠాయికి ఆ రెండింటి ముందూ నలుపును చేర్చి పేరు పెట్టాడు. పెద్దలెవరూ వాడని మాటలను పెద్దల పద్ధతిలోనే సమాసం చేశాడన్నమాట. పిల్లలు విన్నది తిరిగి అప్పజెప్పేవాళ్లు మాత్రమే కాదని చూపిన తొలి లిఖిత సాక్ష్యాల్లో ఇదొకటి.

జర్మనీలో శరీరధర్మ శాస్త్రవేత్త విల్హెల్మ్ ప్రెయర్ తన కొడుకును రోజుకు మూడుసార్లు క్రమం తప్పకుండా పరిశీలించి 1882లో గ్రంథం వెలువరించాడు. క్లారా, విలియం స్టెర్న్ దంపతులు తమ ముగ్గురు పిల్లల మీద 1900 నుంచి 1918 వరకు డైరీలు రాశారు. ఆ రాతలో సింహభాగం క్లారాది. 1907లో వచ్చిన వారి 'పిల్లల భాష' గ్రంథం చాలాకాలం ఈ రంగానికి ప్రమాణంగా నిలిచింది. వెర్నర్ లియోపోల్డ్ తన కూతురు హిల్డెగార్డ్ జర్మన్, ఇంగ్లీషు భాషలను ఒకేసారి నేర్చుకున్న తీరును 1939 నుంచి 1949 వరకు నాలుగు సంపుటాల్లో నమోదు చేశాడు. ద్విభాషా బాల్యం మీద అది ఎంతో వివరమైన రచన. జాన్ పియాజె సిద్ధాంతాలకు కూడా సొంత పిల్లలు ముగ్గురి పరిశీలనే పునాది.

డైరీలకు పరిమితులున్నాయి. తల్లిదండ్రులు కొత్త మాటను రాస్తారు, పాత మాట వంద సార్లు వచ్చినా రాయరు. రోజంతా బిడ్డ విన్నదేమిటో అందులో ఉండదు. ఈ లోటు తీర్చడానికి మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన డెబ్ రాయ్ 2005లో తన కొడుకు పుట్టినప్పుడు ఇంటి పైకప్పులోనే 11 కెమెరాలు, 14 మైకులు అమర్చాడు. మూడేళ్లలో సుమారు 90,000 గంటల వీడియో, 1,40,000 గంటల ధ్వని పోగయ్యాయి. 2015లో వెలువడిన ఫలితాల్లో గమనించదగ్గ విషయం ఒకటుంది: ఒక మాట ఎన్నిసార్లు వినబడింది అన్నదానికంటే, అది ఇంట్లో ఒక ప్రత్యేకమైన చోట, వేళలో, సందర్భంలో వినబడుతుందా అన్నదే ఆ మాట ఎప్పుడు నోట వస్తుందో బాగా సూచించింది.

డైరీలకూ ఈ రికార్డింగులకూ మధ్య వచ్చిన మలుపు రోజర్ బ్రౌన్‌ది. హార్వర్డ్‌లో ఆయన బృందం 1960లలో ఆడమ్, ఈవ్, సారా అనే పేర్లతో ముగ్గురు పిల్లల సంభాషణలను నెలల తరబడి టేపు చేసింది. ఆ విశ్లేషణ 1973లో పుస్తకమైంది. ఇలాంటి రికార్డులను అందరికీ అందుబాటులో ఉంచడానికి 1984లో బ్రయన్ మాక్‌విన్నీ, క్యాథరిన్ స్నో 'చైల్డెస్' అనే భాండాగారాన్ని ప్రారంభించారు.

వినికిడి దశ

గర్భంలో చివరి మూడు నెలలకు శిశువు వినగలుగుతుంది. ఉమ్మనీటిలోంచి హల్లుల స్పష్టత పోయినా రాగం, లయ చేరతాయి. పుట్టిన రెండు మూడు రోజుల్లోనే శిశువులు పరాయి స్త్రీ గొంతుకంటే తల్లి గొంతునే కోరుకుంటారని ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ 1980లో చూపారు. అంత పసికందు ఇష్టాన్ని తెలుసుకోవడానికి వాడిన సాధనం పాలపీక: చప్పరించే లయ మార్చితే తల్లి గొంతు వినిపించే ఏర్పాటు చేశారు, పిల్లలు లయ మార్చారు. ఫ్రెంచి శిశువుల ఏడుపు రాగం పైకి ఎగసే ధోరణిలోనూ, జర్మన్ శిశువులది కిందికి దిగే ధోరణిలోనూ ఉంటుందని 2009లో మరో పరిశోధన తేల్చింది. అవి ఆ భాషల్లో వాక్యాలు సాగే తీరులే.

తొలి నెలల్లో పిల్లలు తమ ఇంటి భాషలో లేని ధ్వనిభేదాలను కూడా పసిగడతారు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనకు మన భాషలతో నేరుగా సంబంధం ఉంది. వారు పరీక్షించిన వాటిలో హిందీలోని దంత్య త, మూర్ధన్య ట ధ్వనులున్నాయి. తెలుగువారికి తాత, టాటా మాటల్లో తేడా చెప్పనక్కరలేదు గానీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పెద్దలకు ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే 6 నుంచి 8 నెలల పిల్లలు మాత్రం ఈ తేడాను పట్టుకున్నారు. 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి వారిలో చాలామంది ఆ నేర్పు పోగొట్టుకున్నారు. హిందీ వింటూ పెరిగిన పిల్లల్లో అది నిలిచింది. మొదటి ఏడాదిలో నేర్చుకోవడమంటే కొత్తవి చేర్చుకోవడమే కాదు, అక్కరలేని భేదాలను పక్కన పెట్టడం కూడా.

మాటలను విడదీయడం

రాతలో పదాల మధ్య ఖాళీ ఉంటుంది, మాటలో ఉండదు. తెలుగులో సంధి వల్ల ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. 'నాన్నొచ్చాడు', 'నాన్నకివ్వు', 'నాన్నదిది', 'నాన్నేడీ' అని రోజంతా వినే బిడ్డకు వాటిలో 'నాన్న' అనే మాట ఒకటుందని ఎవరూ చెప్పరు. 1996లో జెన్నీ సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిస్సా న్యూపోర్ట్ ఇందుకు ఒక వివరణ ఇచ్చారు. 'బిడాకు', 'పడోటి', 'గోలాబు' వంటి అర్థంలేని మాటలను విరామం లేకుండా, ఒకే స్వరంలో రెండు నిమిషాల పాటు 8 నెలల పిల్లలకు వినిపించారు. ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం తప్పకుండా వస్తోంది, ఎక్కడ ఆ కట్టు తెగుతోంది అన్న లెక్కను పిల్లలు ఆ రెండు నిమిషాల్లోనే పట్టుకున్నారు. పై తెలుగు ఉదాహరణల్లో 'నాన్' తర్వాత 'న' దాదాపు ఖాయం. ఆపై ఏమొస్తుందో చెప్పలేం. కట్టు తెగిన చోటే మాట అంచు. మీమాంసకుల పసివాడు అర్థాల విషయంలో చేసిన పనినే ఈ పిల్లలు ధ్వనుల విషయంలో చేశారు.

అర్థం కూడా ఎంతో ముందే మొదలవుతుంది. తిండి, శరీర భాగాల పేర్లు విన్నప్పుడు 6 నుంచి 9 నెలల పిల్లలు సరైన బొమ్మ వైపు ఎక్కువగా చూస్తారని ఎలికా బెర్గెల్సన్, డేనియల్ స్వింగ్లీ 2012లో చూపారు. ఇంట్లో ఎవరూ ఇంకా మాటలు రాలేదనుకునే వయసు అది.

ఊసులు, తొలి పలుకులు

రెండో నెల నుంచి 'ఉంగా' అంటూ అచ్చుల వంటి ధ్వనులు వస్తాయి. పెద్దలు బిడ్డ ఊసులు చెబుతోందని మురిసేది వీటికే. 6 నుంచి 10 నెలల మధ్య హల్లూ అచ్చూ కలిసిన అక్షరాలు గొలుసుగా వస్తాయి: బబబ, దదద, తాతతా. వినికిడి లేని పిల్లల్లో ఈ గొలుసు పలుకులు బాగా ఆలస్యమవుతాయి, కాబట్టి వైద్యులు ఈ దశను జాగ్రత్తగా గమనిస్తారు. సంజ్ఞాభాష వాడే బధిర తల్లిదండ్రుల పిల్లలు ఇదే వయసులో చేతివేళ్లతో అర్థంలేని సంజ్ఞలను ఇలాగే గొలుసుగా చేస్తారని 1991లో లారా పెటిట్టో, పౌలా మారెంటెట్ తెలిపారు. అంటే ఈ దశ నోటికి మాత్రమే చెందినది కాదు.

పెదవులతో, పళ్లతో పలికే స్పర్శాలు, అనునాసికాలు, 'అ' కారం పిల్లలకు ముందుగా పట్టుబడతాయి. అనేక భాషల్లో తల్లిదండ్రుల పేర్లు ఈ ధ్వనులతోనే ఏర్పడ్డాయని రోమన్ యాకొబ్సన్ విశ్లేషించాడు. తెలుగులో అమ్మ, నాన్న, పాప, మామ, తాత, అత్త అనే బంధుత్వ పదాలు ఆ కొలతకు చక్కగా సరిపోతాయి. పెద్దలు పిల్లలతో వాడే బువ్వ, లాల, జోజో, బబ్బో, జేజ, అప్పచ్చి వంటి మాటలూ అంతే: ఎక్కువగా రెండక్షరాలు, ఆవృత్తి, ద్విత్వం. క్లిష్టమైన ధ్వనులు తర్వాత వస్తాయి. 'ర' బదులు 'ల', 'క' బదులు 'త', 'ళ' బదులు 'ల' పలకడం మూడేళ్ల లోపు సహజం. 'కాకి'ని 'తాతి' అనే బిడ్డ, పెద్దవాళ్లు వెక్కిరింపుగా 'తాతి' అంటే చాలాసార్లు ఒప్పుకోదు. చెవికి తెలిసిన తేడా నాలుకకు ఇంకా అందలేదన్నమాట.

పదాలు

తొలి మాట సాధారణంగా 10 నుంచి 14 నెలల మధ్య వస్తుంది. దానికి ముందే, 9 నుంచి 12 నెలల మధ్య, బిడ్డ వేలు చూపడం, ఎదుటివారి చూపు వెంట చూడటం మొదలుపెడుతుంది. ఒకే వస్తువు మీద ఇద్దరి ధ్యాస కలిసే ఈ స్థితిని ఉమ్మడి అవధానం అంటారు. మాటకూ వస్తువుకూ ముడి పడేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి, వేలు చూపడం తొలి మాటతో సమానమైన మైలురాయి.

అమెరికాలో ఇంగ్లీషు పిల్లల తల్లిదండ్రులు నింపిన జాబితాల ప్రకారం 18 నెలలకు 50 నుంచి 100, రెండేళ్లకు సుమారు 300 పదాలు పలకడం మధ్యస్థం. వ్యక్తిభేదాలు చాలా ఎక్కువ: రెండేళ్ల వయసులో వందలోపు పదాలు పలికే పిల్లలూ, 500 దాటినవారూ ఆరోగ్యవంతులే కావచ్చు. ఏడాదిన్నర దగ్గర పదాల సంఖ్య ఉన్నట్టుండి ఎగిసిపడుతుందని చాలాకాలం భావించారు. జెనిఫర్ గేంజర్, మైకేల్ బ్రెంట్ 2004లో 38 మంది పిల్లల రికార్డులను గణితపరంగా పరీక్షిస్తే అలాంటి మలుపు అయిదుగురిలోనే కనిపించింది. మిగిలినవారిలో వేగం క్రమంగానే పెరిగింది.

ఒక మాటను ఒకటి రెండుసార్లు విని దాని అర్థాన్ని ఉజ్జాయింపుగా పట్టుకోవడాన్ని శీఘ్ర గ్రహణం అనవచ్చు. 1978లో సుసాన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ మూడు నాలుగేళ్ల పిల్లలకు 'క్రోమియం' అనే మాటను ఒక రంగు పేరుగా మాటల మధ్యలో వినిపించి దీన్ని గుర్తించారు. ఇది వంటింట్లోనూ కనిపిస్తుంది. రెండేళ్ల పాప ముందు చెంచా, పట్టకారు ఉన్నాయి. చెంచా పేరు తనకు తెలుసు, పట్టకారు పేరు ఎన్నడూ వినలేదు. "పట్టకారు ఇటివ్వు" అంటే పాప చెంచాను వదిలి రెండో వస్తువును అందిస్తుంది. పేరున్న వస్తువుకు మరో పేరు ఉండదన్న ఊహతో ఈ పని చేస్తుందని ఎలెన్ మార్క్‌మన్ వివరణ. అయితే చూసినవారికి అద్భుతంగా తోచే ఆ గ్రహణం పెళుసైనది. రెండేళ్ల పిల్లలు అప్పటికి సరైన వస్తువు చూపినా, అయిదు నిమిషాల తర్వాత ఆ పేరును నిలుపుకోలేకపోవడం తర్వాతి ప్రయోగాల్లో తేలింది. పట్టకారు పాప సొంతం కావాలంటే ఆ మాట మళ్లీ మళ్లీ, వేర్వేరు పూటల్లో వినబడాలి. కునుకు కూడా ఇందులో పాలు పంచుకుంటుంది: కొత్త భాషా నమూనా విన్నాక పగటినిద్ర పోయిన 15 నెలల పిల్లలు అందులోని సూత్రాన్ని ఇతర పదాలకు వర్తింపజేయగలిగారని 2006లో రెబెకా గోమెజ్ బృందం ప్రకటించింది.

పదాల పరిధి మొదట్లో పెద్దలతో సరిపోదు. కుక్కకు నేర్చిన 'బౌబౌ'ను ఆవుకు, మేకకు కూడా వాడటం అతివ్యాప్తి. 'బండి' అంటే తమ ఇంటి స్కూటరే అనుకోవడం అవ్యాప్తి. ఇంగ్లీషు పిల్లల తొలి పదాల్లో నామవాచకాలు ఎక్కువ. కొరియన్, చైనీస్ పిల్లల్లో క్రియలకు కూడా పెద్ద పాలు ఉందని 1990లలో గుర్తించారు. కొరియన్ లాగే తెలుగులోనూ క్రియ వాక్యం చివర వస్తుంది, కర్తకర్మలను వదిలేసి 'తిన్నావా', 'పడిపోయింది' అని ఒక్క క్రియతో మాట్లాడటం మామూలు. కాబట్టి నామవాచకాలతో మొదలవడాన్ని అన్ని భాషలకూ నియమంగా తీసుకోకూడదు.

వాక్యాలు, వ్యాకరణం

18 నుంచి 24 నెలల మధ్య రెండు మాటలు కలుస్తాయి: 'అమ్మ దా', 'బంతి ఏదీ', 'ఇంకా బువ్వ'. ఇంగ్లీషు పిల్లలు ఈ దశలో ప్రత్యయాలను వదిలేస్తారు. తెలుగులో ప్రత్యయం మాట చివర నొక్కి వినబడుతుంది, అది లేకుండా మాట పూర్తికాదు. అందువల్ల 'తాతకి', 'ఇంట్లో', 'నాది' వంటి రూపాలు చిన్న వాక్యాల్లోనే కనిపిస్తాయి.

పొరపాట్లే ఇక్కడ విలువైన ఆధారం. 'ఇల్లులు', 'కాలులు' అనే పిల్ల ఆ మాటలను పెద్దల నోట వినలేదు. బంతులు, బొమ్మలు, చేతులు విని 'లు' చేర్చే సూత్రాన్ని తనంతట తాను గ్రహించి ఇళ్లు, కాళ్లు ఉండాల్సిన చోట వాడింది. 1958లో జీన్ బెర్కో, లేని జంతువుల బొమ్మలు గీసి వాటికి 'వగ్' వంటి కల్పిత పేర్లు పెట్టి బహువచనం అడిగితే, బడి ఈడు పిల్లలే కాక నాలుగేళ్లవాళ్లూ నియమం ప్రకారం చెప్పారు. క్రియల్లో తెలుగు పిల్లల ముందున్న చిక్కు మరొకటి. ఏకవచనంలో అమ్మ, కాకి రెండూ 'వచ్చింది', నాన్న 'వచ్చాడు'. బహువచనంలో ఆడవాళ్లు మగవాళ్ల వైపు చేరి 'వచ్చారు' అవుతారు. ఈ విభజన కుదురుకునేలోపు 'నాన్న వచ్చింది' అనే మాట ఇళ్లలో వినబడుతుంది.

నిరాకరణ ప్రత్యేకంగా చూడదగ్గది. ఇంగ్లీషు పిల్లల వాక్యాలను పరిశీలించిన లోయిస్ బ్లూమ్ 1970లో అందులో మూడు భావాలను వేరుచేసింది: వస్తువు లేకపోవడం, తిరస్కరించడం, ఎదుటివారి మాటను ఖండించడం. ఖండన అన్నిటికంటే ఆలస్యంగా వస్తుందని గుర్తించింది. ఇంగ్లీషులో ఒకే చిన్నమాట మూడింటికీ పనిచేస్తుంది కనుక పరిశోధకులు సందర్భాన్ని బట్టి ఊహించాలి. తెలుగు పిల్లలకు ఆ మూడింటికీ మూడు మాటలున్నాయి: 'పాలు లేవు', 'పాలు వద్దు', 'పాలు కాదు'. బిడ్డ మనసులో ఏ భావం ఎప్పుడు ఏర్పడిందో మాట వల్లే తెలుస్తుంది కాబట్టి, ఈ ప్రశ్నకు తెలుగు ఇల్లు ఎంతో అనువైన చోటు. పొరుగు భాష తమిళంలో నిరాకరణ వికాసాన్ని ఆర్. వైద్యనాథన్ పరిశీలించి 1991లో ప్రచురించారు.

సిద్ధాంతాలు

బి.ఎఫ్. స్కిన్నర్ 1957లో భాషను కూడా అనుకరణ, ప్రోత్సాహాల వల్ల ఏర్పడే అలవాటుగా వివరించాడు. పిల్లలు ఎన్నడూ వినని వాక్యాలను నిర్మిస్తారని, వినేది అసంపూర్ణమైనా సంపూర్ణ వ్యాకరణానికి చేరతారని నోమ్ చామ్‌స్కీ 1959లో దాన్ని ఖండించాడు; భాషకు పుట్టుకతో వచ్చే సామర్థ్యం ఉందన్నాడు. తల్లిదండ్రులు సాధారణంగా దిద్దేది వ్యాకరణాన్ని కాదు, విషయం నిజమా కాదా అన్నదాన్నేనని బ్రౌన్, కామిల్ హాన్లన్ 1970లో గమనించడం ఈ వాదానికి బలమిచ్చింది. పియాజె భాషను సాధారణ మేధావికాసంలో భాగంగా చూశాడు. వైగోట్‌స్కీ, ఆ తర్వాత జెరోమ్ బ్రూనర్, పెద్దలతో కలిసి చేసే పనిలో భాష పుడుతుందన్నారు. ముఖానికి కొంగు అడ్డం పెట్టి తీసే ఆటలో కూడా వంతులవారీ సంభాషణకు నమూనా ఉందని బ్రూనర్ వివరించాడు. మైకేల్ టోమసెల్లో తన కూతురి తొలి క్రియలపై 1992లో పుస్తకం రాశాడు. పిల్లలు ముందు ఒక్కో క్రియ చుట్టూ విడివిడి నమూనాలు కూర్చుకుని, క్రమంగా సాధారణ సూత్రాలకు చేరతారన్నది ఆయన వాదం.

నేటి పరిశోధకుల్లో ఎక్కువమంది పుట్టుక, వినికిడి రెండూ అవసరమేనంటారు. ఏది ఎంత అన్నదే వివాదం. 2024లో ఒక బృందం, తలకు కెమెరా కట్టిన ఒకే ఒక్క బిడ్డ 6 నుంచి 25 నెలల మధ్య చూసిన, విన్న సుమారు 61 గంటల రికార్డుతో కంప్యూటరు నమూనాకు శిక్షణ ఇస్తే అది అనేక వస్తువుల పేర్లు గుర్తించగలిగింది. పదాలకూ వస్తువులకూ ముడివేయడంలో కొంత భాగానికి ప్రత్యేక సామర్థ్యం అక్కరలేదని ఇది సూచిస్తుంది. వ్యాకరణం సంగతి ఇందులో తేలలేదు.

ఇంటి వాతావరణం

చాలా సమాజాల్లో పెద్దలు పిల్లలతో గొంతు పెంచి, సాగదీసి, రాగయుక్తంగా మాట్లాడతారు. చార్లెస్ ఫెర్గూసన్ 1964లో మరాఠీతో సహా ఆరు భాషల్లో ఈ శైలిని పోల్చాడు. ఇది అంతటా లేదు: పాపువా న్యూగినీలోని కలులీలు, సమోవా ప్రజలు పసికందులను సంభాషణలో భాగస్వాములుగా చూడరని ఎలినార్ ఆక్స్, బాంబి షీఫ్లిన్ వర్ణించారు. అక్కడి పిల్లలకూ మాటలు వస్తాయి.

1995లో బెటీ హార్ట్, టాడ్ రిస్లీ కాన్సాస్‌లోని 42 కుటుంబాలను పరిశీలించి, పేద, సంపన్న ఇళ్ల పిల్లలు వినే మాటల్లో నాలుగేళ్లకు 3 కోట్ల తేడా ఉంటుందని అంచనా కట్టారు. నమూనా చిన్నదని, పక్కనున్నవారి మాటలను లెక్కించలేదని తర్వాత గట్టి విమర్శలు వచ్చాయి. మాటల మొత్తంకంటే బిడ్డతో వంతులవారీగా సాగే సంభాషణకే మెదడులోని భాషా కేంద్రాల చురుకుదనంతో సంబంధం ఎక్కువని 2018 నాటి ఒక అధ్యయనం పేర్కొంది. నానమ్మ, అమ్మమ్మ, మేనత్త, అన్నదమ్ముల పిల్లలు ఉన్న ఇంట్లో బిడ్డకు దక్కే మాటను తల్లి ఒక్కతె మాటతో కొలవడం సరికాదు.

తెర మనిషికి బదులు కాదు. ప్యాట్రీషియా కూల్ 2003లో 9 నెలల అమెరికా పిల్లలకు 12 విడతల్లో చైనీస్ వినిపించింది. ఎదుట కూర్చున్న మనిషి నుంచి విన్నవారు ఆ ధ్వనిభేదాలను నేర్చుకున్నారు. అదే మనిషిని వీడియోలో చూసినవారు నేర్చుకోలేదు. బిడ్డ స్పందనకు బదులిచ్చే వీడియో కాల్ మాత్రం వేరు. రెండేళ్లు దాటిన పిల్లలు దాని ద్వారా కొత్త క్రియలు నేర్వగలిగారని 2014లో తేలింది. విదేశాల్లో పెరిగే తెలుగు మనవళ్లకు ఊళ్లో ఉన్న తాతయ్య ఫోనులో చెప్పే కబుర్లు వృథా కావని దీన్నిబట్టి చెప్పవచ్చు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండేళ్లకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

రెండు భాషల ఇళ్లు

హైదరాబాదులో తెలుగు, ఉర్దూ; చెన్నైలో తెలుగు, తమిళం; అమెరికాలో తెలుగు, ఇంగ్లీషు వింటూ పెరిగే పిల్లలు తికమకపడి మాట ఆలస్యం చేస్తారన్న భయం విస్తృతంగా ఉంది. పరిశోధన దీన్ని బలపరచదు. ఒక్కో భాషలో పదాలు తక్కువగా కనిపించినా, రెండూ కలిపి లెక్కిస్తే ఏకభాషా పిల్లలకు తీసిపోరని బార్బరా పియర్సన్ బృందం 1993లో చూపింది. ఒకే వాక్యంలో రెండు భాషలు కలపడం లోపం కాదు, దొరికిన మాటతో పని జరుపుకోవడం. మాటలు ఆలస్యమైన బిడ్డతో మాతృభాష మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమనే సలహాకు ఆధారం లేదు; దానివల్ల అవ్వాతాతలతో బిడ్డ సంభాషణ తెగిపోతుంది.

మాటల ఆలస్యం

12 నెలలకు గొలుసు పలుకులు గానీ వేలు చూపడం గానీ లేకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం పరీక్ష చేయించాల్సిన సూచనలు. మగపిల్లలకు మాట ఆలస్యమని, మేనమామకూ అలాగే వచ్చిందని ఊరుకోవడం వల్ల విలువైన నెలలు పోతాయి. కారణాల్లో మొదట పరిశీలించాల్సింది వినికిడి. పుట్టే ప్రతి వెయ్యిమందిలో ఒకరి నుంచి ముగ్గురికి పుట్టుకతో వినికిడి లోపం ఉంటుందని సాధారణ అంచనా. ఆరు నెలలలోపు లోపాన్ని గుర్తించి చికిత్స మొదలైన పిల్లల భాష, ఆలస్యంగా గుర్తించినవారికంటే స్పష్టంగా మెరుగ్గా ఉందని క్రిస్టీన్ యోషినాగా-ఇటానో 1998లో నిరూపించింది. భాషార్జనకు అనువైన కాలం బాల్యంలోనే ఉందన్న ఎరిక్ లెనెబర్గ్ వాదానికి (1967) ఇది అనుగుణమే.

తెలుగునాట మాటలు త్వరగా వస్తాయని వసకొమ్ము అరగదీసి నాకించే ఆచారం ఉంది. గలగలా మాట్లాడే పిల్లలను వసపిట్ట అనడం అందరికీ తెలుసు. వస మాటను వేగిరపరుస్తుందని శాస్త్రీయ ఆధారం లేదు. అందులోని బీటా-అసరోన్ ప్రయోగశాల జంతువుల్లో క్యాన్సర్ కలిగించింది, పైగా తొలి ఆరు నెలలు తల్లిపాలు తప్ప వేరేదీ ఇవ్వకూడదన్నది వైద్యుల నియమం. నాలుక కింది పొర బిగుతుగా ఉంటే కొన్ని ధ్వనుల ఉచ్చారణ దెబ్బతినవచ్చు గానీ, బిడ్డకు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

భారతదేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం వినికిడి పరీక్షలు, మాటల చికిత్స అందిస్తాయి. నవజాత శిశువుకు చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే తొలి వడపోత పరీక్ష నొప్పి లేనిది, కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది. అందులో లోపం కనిపిస్తే మెదడు స్పందనను కొలిచే బెరా పరీక్షతో నిర్ధారిస్తారు.